కోటు బొత్తం

పొయ్యి మీద టీ, పక్కన చెక్కముక్క మీద సోల్డరింగ్ ఐరన్, రెండూ ఒకేసారి వేడెక్కుతున్నాయి. టీ పొంగుకొచ్చే వేళకు గోడకు బిగించిన రేకు డబ్బా కీచుమని అరిచింది. ఆవిరి తగిలితే అరిచే ఆ డబ్బాను ఆమే చేసింది. అది అరిచే సమయానికి ఆమె ఎప్పుడూ పొయ్యి దగ్గరే నిలబడి ఉంటుంది గనుక దానివల్ల ఇంతవరకూ ఒక్క చుక్క టీ కూడా మిగిలింది లేదు. అయినా అది అరిచిన ప్రతిసారీ ఆమె ముఖం బిడ్డ పరీక్ష ప్యాసైనట్టు విప్పారుతుంది.

ఆ రెండు గదుల ఇంట్లో కొన్న వస్తువులు తక్కువ, కట్టినవి ఎక్కువ. చీకటి పడితే తనంతట తాను వెలిగే దీపం ఒకటుంది. అది మబ్బు పట్టినా వెలుగుతుంది, ఎవరైనా అడ్డం నిలబడ్డా వెలుగుతుంది. నీళ్ల తొట్టి నిండగానే మోగే బజరు ఇంకొకటి, తొట్టి అంచు మీద కాకి వాలినా మోగుతుంది. వచ్చినవాళ్లు ఇవన్నీ పనిచేస్తాయా అని అడిగితే తండ్రి ఊరుకోడు. "చెయ్యకేం? చెప్పినదానికంటే రెండు పనులు ఎక్కువే చేస్తాయి" అంటాడు.

ఆమెకు నడివయసు దాటుతోంది. జుట్టు బిగించి ముడి వేస్తుంది, సోల్డరింగ్ పొగకు కళ్లు ఎప్పుడూ కాస్త ఎర్రగా ఉంటాయి. ఎడమ బొటనవేలి మీద రాగి తీగ రాసుకుని రాసుకుని ఒక గాడి పడింది. ఓల్టేజి స్టెబిలైజర్లు తయారుచేసే చిన్న కార్ఖానాలో ట్రాన్స్‌ఫార్మర్లకు తీగ చుట్టడం ఆమె పని. పుట్టినప్పుడు పెట్టిన పేరు ఎక్కడ దాక్కుందో గానీ, కార్ఖానాలోనూ వీధిలోనూ అందరికీ ఆమె కాయిలక్క. "కోయిలలా పాడదు గానీ కాయిలు బాగానే చుడుతుంది" అని తండ్రి ఆ పేరును కూడా వదిలిపెట్టలేదు.

తండ్రి దర్జీ. సూదిలో దారం ఎక్కించలేని రోజొకటి వచ్చాక కుట్టుమిషను మీద గుడ్డ కప్పేశాడు. ఆ తరువాత ఊపిరి కూడా మొండికేసింది. ఇప్పుడు కిటికీ పక్క చేతుల కుర్చీయే ఆయన లోకం. నాలుగు మాటలు వరసగా అంటే ఐదో మాట దగ్గర ఆగి గాలి తీసుకోవాలి. అంత కష్టంలోనూ మాటలు మాత్రం తగ్గించలేదు.

ఆ కుర్చీ చేతికి పొడవాటి తీగతో ఒక స్విచ్ వేలాడుతూ ఉంటుంది. కూతురు చేసినవాటిలో చెప్పినపని చెప్పినట్టు చేసేది అదొక్కటే. స్విచ్ మీద ఒక కోటు బొత్తం అతికించి ఉంది. ముదురు గోధుమరంగు, నాలుగు కన్నాలు, రూపాయి బిళ్లంత వెడల్పు. తండ్రి ఆఖరుగా కుట్టిన కోటుకు పోగా మిగిలినది. చూడకుండానే వేళ్లకు తగులుతుందని ఆమె దాన్నే ఎంచుకుంది. బొత్తం నొక్కితే కిటికీలోంచి దిగి, నీటి గొట్టం వెంబడి పాకి వెళ్లిన తీగ చివర, కింది వాటాలో వంటింటి గోడ మీద సైకిలు గంట ఒకటి మోగుతుంది. ఆ వాటాలో ఉండే విధవరాలిని ఈమె పిన్నీ అని పిలిచింది, అందుకని ఆవిడ ఈమె తండ్రిని బావగారూ అంది, దాంతో ఇద్దరికీ ఒకరినొకరు ఆటపట్టించుకునే హక్కు దానంతటదే వచ్చేసింది. ఒకసారి నొక్కితే టీ. రెండుసార్లు నొక్కితే కబుర్లు. వదలకుండా నొక్కితే మాత్రం ఉన్నపళంగా పరుగెత్తుకు రావాలి. పోయిన వానాకాలంలో తండ్రి ఒకనాడు వదలకుండా నొక్కాడు. పిన్ని పొయ్యి కూడా ఆర్పకుండా పైకి పరుగెత్తి, వీపు నిమిరి, వీధిలోని డాక్టరును కేకేసి, ఊపిరి మళ్లీ గాడిలో పడేదాకా పక్కనే కూర్చుంది. ఆ రోజు నుంచి కాయిలక్క పనికి వెళ్లేది ఆ బొత్తాన్ని నమ్ముకునే.

టీ గ్లాసు తండ్రి చేతికిచ్చి ఆమె నేల మీద చతికిలబడింది. ఎదురుగా రేడియో వెనక మూత ఊడదీసి ఉంది.

"ఏమే ఇంజినీరూ, పోస్టుమార్టం అయిందా?"

"ట్రాన్స్‌ఫార్మర్ పోయింది నాన్నా. లోపల కాయిల్ మాడిపోయింది. నిన్న సాయంత్రం వాసనొచ్చింది చూడు, అదే."

"నేను నువ్వే వంట మాడ్చావనుకున్నా. మర్యాదకు ఊరుకున్నా."

"సాయంత్రం తిరగచుట్టి తెస్తాలే. రేపటికి పాడుతుంది."

తండ్రి గ్లాసు నోటిదాకా తీసుకెళ్లి ఆపాడు. "మధ్యాహ్నం నాటకం ఉందే. ఆఖరి భాగం."

అది ఆమె మరిచిపోయింది. పడవ మునిగి చెల్లాచెదురైన ఒక కుటుంబం కథ, వారానికొక భాగం చొప్పున వస్తోంది. మొదటి భాగం నుంచీ తండ్రీకూతుళ్లకు పందెం నడుస్తోంది. చివరికి అందరూ కలుస్తారని ఆయన, ముసలి పడవవాడు చచ్చి తీరతాడని ఆమె. ఓడినవాళ్లు ఆ రాత్రి గిన్నెలు తోమాలి.

"నువ్వు ఓడితే ఎలా తోముతావు నాన్నా, కుర్చీలోంచి లేవలేవు కదా" అని ఆమె అడిగితే, "అందుకే గెలుస్తా" అన్నాడాయన అప్పట్లో.

ఇప్పుడాయన గడ్డంతో గోడవైపు చూపించాడు. అక్కడ కింది గంటకు కరెంటు పంపే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న చెక్కపెట్టె ఉంది. "దాంట్లో ఉన్నదీ, ఇదీ ఒకటే సైజు కదా?"

"వద్దు నాన్నా."

"ఒక్కపూటకే. సాయంత్రానికి కొత్తది వచ్చేస్తుందన్నావు."

"విప్పింది కుట్టకుండా గడప దాటొద్దన్నది ఎవరు?"

ఆ మాట ఆ ఇంటి చట్టం. ఆమె ఇంకా పలకాబలపం వయసులో ఉండగా, లోపల పాడేవాళ్లను చూద్దామని ఇదే రేడియోను దర్జీ కత్తెరతో విప్పేసింది. తల్లి చచ్చిపోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఇంట్లో మాటలు వినిపించేది ఆ పెట్టెలోంచే. తండ్రి తిరిగొచ్చి చూస్తే నేలంతా మరలూ, తీగలూ. చెయ్యెత్తాడు గానీ కొట్టలేదు. పక్కన కూర్చుని, "విప్పడం ఎవరైనా విప్పుతారమ్మడూ. కుట్టగలిగినవాళ్లే విప్పాలి. కుట్టందే ఇవాళ గడప దాటకు" అన్నాడు. పిల్ల సాయంత్రం దాకా కుస్తీ పట్టింది. రేడియో పాడలేదు, మూడు మరలు మిగిలిపోయాయి, కానీ మూత పడింది. ఆ మూత ఆమె జీవితాన్ని ఒక దారిన పెట్టింది. తరువాత్తరువాత ఆ పెట్టెలో భాగాలన్నీ ఒక్కొక్కటే పోతే ఒక్కొక్కటే తనే కట్టి పెట్టింది. ఇప్పుడు చెక్కపెట్టె ఒక్కటే పాతది, లోపలంతా ఆమె చేతిపనే.

"ఆ రూలు పెట్టింది నేను" అన్నాడు తండ్రి, ఊపిరి కూడదీసుకుని. "సడలించేదీ నేనే. దర్జీని. బిగువైతే వదులు చెయ్యడం నా వృత్తి."

"మధ్యలో ఊపిరాడకపోతే?"

"నాటకం అయ్యేదాకా ఆడుతుందిలే."

ఆమె నవ్వలేదు. కొట్టులో అలాంటి ట్రాన్స్‌ఫార్మర్ దొరుకుతుంది, కానీ కొట్లు తెరిచేది ఆమె పనికి వెళ్లాకే. పైగా ఊరందరికీ చుట్టే కాయిలక్క తన ఇంటికి కొట్లో కొనుక్కుందంటే పరువేం కావాలి? ఆ చిన్న గర్వం కూడా ఆమెలో ఉంది, లేదనడం అబద్ధం. కానీ ఆమెను కదిలించింది అది కాదు. పగలంతా ఒంటరిగా కూర్చునే మనిషి మధ్యాహ్నం కోసం ఎంత ఎదురుచూస్తాడో ఆమెకు తెలుసు. నాటకం మధ్యలో ఆయన పాత్రలతో పోట్లాడతాడని, "ఒరే వెధవా, వెనక్కి చూడు" అని అరుస్తాడని పిన్ని చెప్పింది.

ఐరన్ కాగింది. గంట పెట్టెలోంచి ట్రాన్స్‌ఫార్మర్ ఊడదీసి రేడియోలో అతికించడానికి ఎంతోసేపు పట్టలేదు. సీసం కరిగి మెరిసి మళ్లీ మసకబారింది. ఆమె నోటితో ఊది ప్లగ్గు పెట్టింది. రేడియో గొంతు సవరించుకుని, ఎక్కడో వాన పడుతుందని చెప్పడం మొదలెట్టింది. తండ్రి కళ్లు మూసుకుని తల ఆడించాడు, అదేదో పాటైనట్టు.

"ఇంకొంచెం పెంచు."

పెంచింది. అలవాటుకొద్దీ స్విచ్ తీసి ఆయన ఒళ్లో పెట్టింది.

"ఇదెందుకే, మూగది" అన్నాడాయన. అన్నాడే గానీ పక్కన పెట్టలేదు, వేలితో బొత్తం కన్నాలు తడుముతూ కూర్చున్నాడు.

కిందికి దిగుతూ ఆమె పిన్ని తలుపు తట్టింది. పిన్ని చేతులకు సబ్బు నురగతో వచ్చింది.

"పిన్నీ, ఇవాళ గంట పలకదు. ట్రాన్స్‌ఫార్మర్ రేడియోకి పెట్టాను."

"అయ్యో, మరి బావగారికి ఏదైనా అయితే?"

ఆమె దానికి అప్పటికే ఉపాయం ఆలోచించింది. చేతిలో సరుకు లేనప్పుడు ఉన్నదానితో పని జరిపించడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. "రేడియో వినిపిస్తోంది కదా నీకు? అది మోగుతున్నంతసేపూ నాన్న బాగున్నట్టే. ఆయన మాట్లాడే మనుషుల ముందు నిద్రపోడు, నిద్రొస్తే ముందు చెయ్యి చాచి దాన్ని కట్టేస్తాడు. ఆగిపోతే మాత్రం ఒక్కసారి పైకెళ్లి చూడు."

"అంతేగా. ఇక్కడికి నా చెవుల్లో మోగుతూనే ఉంటుంది, నీకెందుకు" అంది పిన్ని. ఇద్దరికీ అది బాగానే ఉందనిపించింది.

కార్ఖానా పొడవాటి రేకుల షెడ్డు. ఒకవైపు రాగి తీగ ఉండలు, మధ్యలో వరసగా బల్లలు, ఆ చివర మేస్త్రీ పరీక్షించే బల్ల. గాలిలో వార్నిష్ వాసన. కాయిలక్క బల్ల కిటికీ వైపు రెండోది. చేత్తో తిప్పే మిషను, దానికి బాబిన్ అనే ఖాళీ గొట్టం తగిలించి ఒక చేత్తో తిప్పుతూ రెండో చేతి బొటనవేలితో తీగకు దారి చూపాలి. చుట్టు పక్కన చుట్టు పడాలి, ఒకదానిమీదకి ఒకటి ఎక్కకూడదు. మిషనుకు లెక్కపెట్టే మీట ఒకటి ఉండేది, అది పోయి చాలా ఏళ్లయింది. అందరూ పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకుంటారు. కొత్తవాళ్లకు ఆ షెడ్డు ఏదో జపం చేసుకునేచోటులా కనిపిస్తుంది.

చుట్టినవాళ్ల చెయ్యి ఎలా ఉందో చుట్టు చెబుతుందని అక్కడివాళ్లందరికీ తెలుసు. నిద్రమత్తులో చుట్టింది వదులుగా ఉంటుంది, కోపంలో చుట్టింది బిగిసిపోతుంది. మొగుడితో పోట్లాడి వచ్చిన రోజు పక్కబల్ల ఆవిడ చుట్టిన కాయిళ్లు మేస్త్రీ చూడకుండానే వేరు చేసేస్తాడు. కాయిలక్క చుట్లు ఎప్పుడూ ఒక్కలాగే ఉంటాయి. అందులో గొప్పేమీ లేదు. ఆమెకు ఇంట్లో పోట్లాడడానికి మొగుడు లేడు.

ఉండాల్సింది. ఒకసారి సంబంధం ఒకటి కుదిరినంత పనైంది. చూడడానికి వస్తున్నారని తెలిసి ఆమె గుమ్మానికి కొత్త కాలింగ్ బెల్ కట్టింది, అదే మొదటిది. పెళ్లికొడుకు తల్లి దాన్ని నొక్కింది. బెల్లు మోగింది, మోగుతూనే ఉంది. వచ్చినవాళ్లు కూర్చున్నంతసేపూ, టీ తాగినంతసేపూ, ఒకరి మాట ఒకరికి వినపడకుండా మోగింది. ఆమె సిగ్గుతో చీర కుచ్చిళ్లు దోపుకుని స్టూలెక్కి తీగ పీకేసరికి పెళ్లికొడుకు తల్లి లేచి నిలబడింది. వాళ్లు వెళ్లాక తండ్రి నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. ఆమె కూడా నవ్వింది, తరువాత పెరట్లోకి వెళ్లి కాసేపు ఏడ్చింది. మరొకరిని చూద్దామని తండ్రి అంటూనే ఉన్నాడు, ఆమె చూద్దాంలే అంటూనే ఉంది, అలా ఇద్దరూ ఒకరికొకరు అలవాటైపోయారు.

మధ్యాహ్నం భోజనాల వేళ అందరూ డబ్బాలు విప్పితే ఆమె సంచిలోంచి మాడిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ తీసింది. నల్లబడ్డ తీగ పీకేసి, బాబిన్ శుభ్రం చేసి, కొత్త తీగ తగిలించి లెక్క మొదలెట్టింది. ఈపాటికి నాటకం మొదలై ఉంటుందని మనసులో ఒక మూల అనుకుంటూనే ఉంది.

చివరి బల్ల దగ్గర మేస్త్రీ కొత్తగా చేరిన అమ్మాయిని కోప్పడుతున్నాడు. "ఈ స్టెబిలైజరు బాగుందని పక్కన పెట్టేశావేమ్మా?"

"లైటు వెలిగింది కదా సార్."

"లైటు వెలిగితే? కరెంటు వస్తోందని అర్థం. అంతే. లోపల అది చచ్చిందో బతికిందో లైటుకేం తెలుసు?"

కాయిలక్క చెయ్యి ఆగిపోయింది. ఆ మాట ఆమె కొత్తవాళ్లకు తనే ఎన్నోసార్లు చెప్పింది. రేడియో మోగుతోందంటే రేడియో బాగున్నట్టు. అంతే. కుర్చీలో ఉన్న మనిషి సంగతి రేడియోకేం తెలుసు? పొద్దున ఆ ఉపాయం చెప్పి తను మురిసిపోయిన సంగతి గుర్తొచ్చింది. లెక్క పోయింది. ఎన్ని చుట్లు పడ్డాయో తెలియని కాయిల్ ఎందుకూ పనికిరాదు.

లేచి మేస్త్రీ గదిలోకి వెళ్లి ఫోను అడిగింది. వాళ్ల వీధి మలుపులో ఉన్న కిరాణా కొట్టాయనకు ఫోను ఉంది.

"అన్నా, నేను కాయిలక్కని. మా నాన్న ఎలా ఉన్నాడో..."

"మీ నాన్నకేంటమ్మా, జోరుగా ఉన్నాడు" అన్నాడు కొట్టాయన. "రేడియో మా కొట్లోకి వినిపిస్తోంది. ఏదో నాటకం. బేరానికొచ్చినవాళ్లు కూడా వింటూ నిలబడిపోయారు. ఇదిగో నువ్వూ విను."

ఆయన రిసీవరు బయటికి చాచినట్టున్నాడు. వీధి చప్పుళ్ల అడుగున సన్నగా ఒక ఆడగొంతు ఎవరినో పిలుస్తోంది, నీళ్ల హోరు, మళ్లీ పిలుపు. ఆమె అది తన రేడియోయేనని గుర్తుపట్టింది. స్పీకరు అంచున చిన్న చిరుగు ఉంది, హెచ్చు గొంతుల దగ్గర జీర వస్తుంది. ఆ జీర వినగానే ప్రాణం కుదుటపడింది. ఒక్కసారి పైకెళ్లి చూడమని అడగడానికి నోటిదాకా వచ్చింది. కొట్టు వదిలి రమ్మనడం బాగుండదని ఊరుకుంది.

బల్ల దగ్గరికి వచ్చి చుట్టిందంతా విప్పేసి మొదటినుంచీ మొదలెట్టింది. భోజనం వేళ అయిపోయింది. మిగిలింది సాయంత్రం పని దిగాక చుట్టింది. వార్నిష్ పూసి, దీపం కింద ఆరబెట్టి, ఇంకా వెచ్చగా ఉండగానే గుడ్డలో చుట్టి సంచిలో వేసుకుంది. దారి పొడవునా ఆ వెచ్చదనం నడుముకు తగులుతూనే ఉంది.

వీధి మలుపు తిరగగానే రేడియో వినిపించింది. ఎవరో కూరగాయల ధరలు చదువుతున్నారు. ఆమె నడక నెమ్మదించింది. పిన్ని తలుపులోంచి తొంగిచూసి, "చెప్పానా, ఒక్క నిమిషం ఆగలేదు" అని నవ్వింది. ఆమె కూడా నవ్వి మెట్లెక్కింది.

తండ్రి కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. కళ్లజోడు నుదుటి మీదకి జరిగి ఉంది. మబ్బు పట్టిందో సాయంత్రమైందో తేల్చుకోలేక దీపం వెలిగి ఆరుతోంది.

"పందెం ఎవరు గెలిచారు నాన్నా?" అంది చెప్పులు విడుస్తూ. "ఇదిగో, తెచ్చాను. ఇంకా వేడిగా ఉంది చూడు."

కళ్లు మూసుకుని వింటున్నాడనుకుని వెళ్లి రేడియో గొంతు తగ్గించింది. ఆయన ఎంత లీనమై వింటున్నా రేడియో తగ్గించగానే కళ్లు తెరుస్తాడు, "ఎందుకే తగ్గించావు?" అంటాడు. ఆ మాట కోసం ఆమె మీట మీద వేళ్లు ఉంచుకునే నిలబడింది. పూర్తిగా తగ్గించింది. మాట రాలేదు.

తరువాత డాక్టరు వచ్చాడు. నిద్రలోనే పోయి ఉంటాడు, మధ్యాహ్నం ఎప్పుడో, అన్నాడు. అది నిజమో, అందరికీ చెప్పే మాటో ఆమెకు తెలియలేదు. పిన్ని గోడకు తల ఆన్చి, "మోగుతూనే ఉందే తల్లీ, నమ్మేశానే" అని ఏడ్చింది. "నమ్మమని చెప్పింది నేనే కదా పిన్నీ" అంది ఆమె. అంతకంటే ఎవరినీ ఏమీ అనలేదు. అనుకోవాల్సినవన్నీ తనను తానే అనుకుంది.

స్విచ్ కుర్చీ చేతికి లేదు. ఆయన చొక్కా జేబులో దొరికింది. దర్జీ పని చేసిన రోజుల్లో కొలత తీసుకోవడం అయిపోగానే టేపును రెండు వేళ్లకు చుట్టి, కొస లోపలికి దోపి జేబులో వేసుకునేవాడు. స్విచ్ తీగను కూడా అలాగే చుట్టాడు. గోడదాకా వెళ్లే ముక్క వదిలేసి, మిగిలినదంతా చిన్న ఉండలా, పైన బొత్తం కనిపించేట్టు. ఆమె దాన్ని అరచేతిలో పెట్టుకుని దీపం దగ్గరికి తీసుకెళ్లి చూసింది. చుట్టు పక్కన చుట్టు పడింది. ఎక్కడా వదులు లేదు, ఎక్కడా బిగువు లేదు. ఊపిరాడక కొట్టుకునే చెయ్యి ఇలా చుట్టలేదు. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ ఎప్పుడు చుట్టాడో చుట్టు చెప్పదు. తను గడప దాటగానే, మూగదానితో పనేముందని చుట్టేశాడేమో. ఆ తరువాత బొత్తం కోసం ఆయన వేళ్లు వెతికాయో లేదో చెప్పగలిగేది ఏదీ ఆ ఇంట్లో లేదు. ఆవిరికి అరిచేది ఉంది, చీకటికి వెలిగేది ఉంది. దానికి మాత్రం ఏదీ లేదు.

మర్నాడు ఆయన్ను తీసుకెళ్లిపోయారు. మేస్త్రీ, పక్కబల్ల ఆవిడ, కొట్టాయన అందరూ వచ్చారు. కొట్టాయన ఆమె ముఖం చూడలేక మెట్ల మీదే నిలబడిపోయాడు. వచ్చినవాళ్లు కొద్దిరోజులు ఉండి, ఒక్కొక్కరే సెలవు తీసుకున్నారు. ఇల్లు ఖాళీ అయింది.

ఒక మధ్యాహ్నం ఆమె సంచి దులుపుతుంటే గుడ్డలో చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ నేల మీద పడింది. గోడ మీద గంట పెట్టె నోరు తెరుచుకుని అలాగే ఉంది. విప్పింది విప్పినట్టే ఉంచి తను ఎన్నిసార్లు గడప దాటిందో అప్పుడు తట్టింది ఆమెకు. ఐరన్ ప్లగ్గు పెట్టింది. కాగేదాకా దాని ముందే కూర్చుంది. తీగలు గీకి, మెలిపెట్టి, సీసం వేసి, నోటితో ఊది, మూత బిగించింది. ఈసారి ఒక్క మర కూడా మిగలలేదు.

పని అయ్యాక పరీక్షించి చూడకుండా లేవడం ఆమె చేతులకు తెలియదు. చుట్టిన తీగ చుట్టినట్టే ఉండగా బొత్తాన్ని ఒక్కసారి నొక్కింది.

కింద గంట మోగింది.

"ఆ... పెడుతున్నా బావగారూ!" అని వంటింట్లోంచి పిన్ని కేక వినిపించింది. గిన్నె చప్పుడైంది, కుళాయి తిప్పిన చప్పుడైంది. అంతలో అన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

ఆమె బొత్తం మీద వేలు ఆనించి, మళ్లీ నొక్కకుండా అలాగే ఉండిపోయింది. ఎన్నాళ్లుగానో రాని ఏడుపు అప్పుడొచ్చింది. కింద కూడా ఎవరూ కదిలినట్టు లేదు. చాలాసేపటికి మెట్ల మీద అడుగులు వినిపించాయి. పిన్ని రెండు గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడింది, ముక్కు ఎర్రగా కందిపోయి ఉంది.

"అలవాటే తల్లీ" అంది. "నోరు జారింది. ఎటూ పెట్టేశాను కదా, తాగుదాం రా."

ఇద్దరూ నేల మీద కూర్చుని తాగారు. కుర్చీలో ఎవరూ కూర్చోలేదు.

"పిన్నీ, ఆ నాటకం చివరికి ఏమైంది?"

పిన్ని గ్లాసులోకి చూసింది. "ఏముందే. అందరూ కలిశారు. ముసలాడు ఒడ్డున కూర్చుని ఉంటాడు, పడవ వస్తుంది, పిల్లలందరూ దిగుతారు. నీకెవరూ చెప్పలేదా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. లేచి రెండు గ్లాసులూ తీసుకుంది. పొయ్యి గట్టు మీద ఉన్న గిన్నెలు, పొద్దున్నవీ నిన్నటివీ అన్నీ తీసుకుంది. "ఉండవే, నేను తోముతా" అని పిన్ని చెయ్యి పట్టుకుంటే, "వద్దు పిన్నీ, నేనే తోమాలి" అని వెళ్లి కుళాయి కింద కూర్చుంది.

గదిలో కుర్చీ చేతి మీద, రెండు వేళ్ల వెడల్పున చుట్టిన తీగ ఉండ అలాగే ఉంది, కొస లోపలికి దోపి, పైన కోటు బొత్తంతో.